బాలహృదయములయందు సమభావ బీజము

(మన సంఘ వార్షిక మహాసభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు రెండు మాటలు పలుకవలసినదని కార్యనిర్వాహక వర్గమువారు మమ్ము కోరుచు, విశ్వకర్మ వంశ ప్రాశస్త్యమను విషయమును సూచించిరి. ఆ విషయమును గూర్చి మాకంటె బాగుగ చెప్పగల పండితులు ఈ వేదికపైననే యున్నారు. మేము 35 సంవత్సరములు పల్లెబడులలో పిల్లలచే అక్షరములు దిద్దించినవారము. మాకు తెలిసినది పిల్లల సంగతి యొక్కటే. కావున మీ యనుమతితో విషయమును మార్చుకొంటిమి. మన పసిపిల్లలు తమకంటె వేఱైనవారిని గౌరవించుట యెట్లు నేర్తురు? వారి మనస్సులలోనికి ఎక్కువ తక్కువల భావము ఎచ్చటనుండి చొచ్చును? అది చొచ్చినప్పుడు దానిని గుర్తుపట్టుట వారికి మనమెట్లు నేర్పవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము. కులసంఘ సభలో ఈ ప్రసంగమేల యని కొందఱికి తోపవచ్చును. కులసంఘ సభలోనే ఇది జరుగవలెనని మా మనవి. అందులకు కారణము కడపట విన్నవింతుము.

పుట్టిన బిడ్డకు కులము తెలియదు. తల్లి యొడి తెలియును, ఆకలి తెలియును. అయిదవయేట బడికి వచ్చునప్పటికి మాత్రము ఎవరిని 'రా' యని పిలువవచ్చునో, ఎవరిని 'రండి' యనవలెనో, ఎవరి చేతి నీరు పుచ్చుకొనినచో ఇంటిలో నాయనమ్మ మొగము మాడ్చుకొనునో సమస్తమును ఆ బిడ్డకు తెలిసియుండును. ఎవరు చెప్పిరి? ఎవరును పీటవేసి కూర్చుండబెట్టి చెప్పలేదు. వాకిటికి వచ్చిన రజకవృద్ధుని తండ్రి యేకవచనమున పిలుచును. అది విని పిల్లవాడును 'ఓరీ' యనును. ఆ వృద్ధుడు తన మనుమని యీడువానికి 'పటేలా' యని బదులు పలుకును. వ్యాకరణము చదివినవారము గనుక చెప్పుచున్నాము: తెలుగు పిల్లవాడు బాలవ్యాకరణము ముట్టుటకు పూర్వమే ఏకవచన బహువచనములయందు కులవ్యాకరణమును కంఠస్థము చేసికొనుచున్నాడు. గడప వెలుపల నిలుచున్నదెవరు, అరుగుపై కూర్చున్నదెవరు, లోపలికి వచ్చినదెవరు, చూరులో వేఱుగా పెట్టిన గిలాస యెవరిది అనునవి ఆ వ్యాకరణమునకు సూత్రములు. నేడు గిలాస చాలవఱకు పోయినది, పిలుపు పోలేదు.

ఇది మన దేశముననే గాదు. అమెరికా దేశమున కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అను నల్లజాతి దంపతులు మనశ్శాస్త్రజ్ఞులు. వారు 1940వ సంవత్సర ప్రాంతమున ఒక పరీక్ష గావించిరి. మూడేండ్లు మొదలు ఏడేండ్ల వఱకు గల నల్లజాతి పిల్లల ముందు నాలుగు బొమ్మల నుంచిరి. వానికి రంగునందు తప్ప వేఱు భేదము లేదు. మంచి బొమ్మ యేది, ఆడుకొనుటకేది కావలెను అని యడుగగా పెక్కుమంది పిల్లలు తెల్లబొమ్మనే చూపిరి. చెడ్డబొమ్మ యేదనగా నల్లబొమ్మను చూపిరి. పిమ్మట 'నీవలె నున్నదేది' యని యడుగగా కొందఱు పిల్లలు కంటతడి పెట్టిరి. తమ్ము తాము తక్కువవారిగ భావించుకొనుట ఆ పసివారికి బడి చెప్పలేదు. వీధి చెప్పినది, అంగడి చెప్పినది, వేఱుగానున్న బెంచీ చెప్పినది. 1954లో ఆ దేశ సర్వోన్నత న్యాయస్థానము నల్లపిల్లలకు తెల్లపిల్లలకు వేఱువేఱు బడులు పెట్టుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినప్పుడు ఈ పరీక్షయు న్యాయమూర్తుల దృష్టిలో నుండెను.

ఇక మా సొంత సంగతి యొకటి. మేము కమ్మరి యింట పుట్టితిమి. తెల్లవాఱకముందే మా తండ్రిగారి కొలిమి రాజుకొనెడిది. తిత్తి లాగుట మా పని. ఊరిలోని ప్రతి నాగలి కఱ్ఱును ఆ దాగలిపైననే పదును తేఱినది. మాకు సంస్కృతము చదువవలెనని కోరిక పుట్టినప్పుడు ఒక పండితుని యొద్దకు పోయితిమి. ఆయన మమ్ము అరుగు క్రింద నిలిపి, సుత్తి పట్టువానికి సూత్రములేల యని నవ్వెను. ఆ నవ్వు యాబదియైదేండ్లయినను మా చెవులలో నున్నది. ఆయన తరువాత దయతలచి చదువు చెప్పెను. ఆ ఋణము మఱువము. కాని అరుగుపైకి రమ్మనుటకు రెండేండ్లు పట్టెను.

అమరకోశము వల్లించుచు శూద్రవర్గమునకు వచ్చితిమి. అందు వడ్రంగి పేర్లు, కంసాలి పేర్లు, కమ్మరి పేర్లు వరుసగా వచ్చినవి. మా తండ్రి పేరు గ్రంథములో కనబడినదని సంతసింపవలెనో, ఆ వర్గములో కనబడినందుకు దుఃఖింపవలెనో తెలియని యీడు. సభ్యులారా, ఆ దినమున మా మనస్సులో కలిగిన భావమును దాచక చెప్పెదము. పుటలు త్రిప్పి చూడగా మా తరువాత మఱికొన్ని పేర్లు కనబడెను. మా క్రింద మఱికొందఱున్నారని మాకు ఊఱట కలిగెను. అవమానమునకు గుఱియైన పిల్లవాడు అవమానమును ద్వేషింపలేదు. దానిని దింపుకొనుటకు మఱియొకని భుజము వెదకినాడు. ఎక్కువ తక్కువల మెట్లు ఇన్నేండ్లు కూలక నిలుచుటకు కారణ మిదియేనని తరువాత మాకు బోధపడెను. ప్రతి మెట్టును తన క్రింది మెట్టును చూచుకొని ఓదార్పు పొందుచున్నది.

ఆ ఊఱటకు మూల్యము మేము చెల్లింపలేదు. ఒక లంబాడీ బాలుడు చెల్లించెను. మేము ఉద్యోగమున చేరిన కొలది సంవత్సరములకు, నేడు మహబూబాబాదు జిల్లాగా నున్న మానుకోట ప్రాంతమున ఒక చిన్న బడిలో నుంటిమి. తండానుండి ఒక పిల్లవాడు క్రొత్తగ వచ్చెను. నిన్ను బడికెవరు పంపిరని యడిగితిమి. 'యాడి' యనెను. వారి భాషలో తల్లియని యర్థము. మాకది తెలియదు. మేము నవ్వితిమి, గురువు నవ్వగా తరగతి యంతయు నవ్వెను. ఆ పిల్లవాడు మఱునాడు రాలేదు. మూడుమాఱులు తండాకు పోయితిమి. మొదటిమాఱు ఇంటిలో నక్కి యుండెను. రెండవమాఱు చేనికి పోయెననిరి. మూడవమాఱునకు ఆ కుటుంబము కూలికి వలసపోయియుండెను. అరుగు క్రింద నిలిపిన పండితుని నవ్వును మేము మఱువలేదని చెప్పితిమి గదా. ఆ నవ్వునే మేము అక్షరము పొల్లుపోక ఆ బాలునకు అప్పగించితిమి.

భాషను గూర్చి నవ్వుట యెంతటి గాయమో తెలంగాణమునకు వేఱుగా చెప్పనేల? 1921 నవంబరులో హైదరాబాదునందు వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కరణ మహాసభ జరిగినది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఆ సభలో ఆలంపల్లి వేంకట రామారావు అను న్యాయవాది తెలుగున మాటలాడ లేవగా తక్కిన భాషలవారు కేకలు వేసి, చప్పట్లు చఱచి ఆయనను కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినది. తన భాషను చూచి నవ్విరని యొక జాతి మేలుకొన్నది. అట్టి జాతివారమైన మనము తండా పిల్లవాని మాటకు, కోయ పిల్లదాని మాటకు నవ్వవచ్చునా?

మా తప్పు తెలిసిన పిదప మాకు దారిచూపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. మేము గ్రాంథికమున వ్రాయువారము. ఆయన వ్యావహారికమునకై జీవితమంతయు పోరాడినవారు. ఆ వాదమున మేమింకను ఆయన పక్షము కాము. కాని పర్లాకిమిడియందు బడిపంతులుగ నున్న ఆ మహానుభావుడు సవరల భాషను నేర్చి, వారి పిల్లల కొఱకు ఆ భాషలో పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించెను. శిష్యుని భాష రాకపోవుట గురువు కొఱతయే కాని శిష్యుని కొఱత గాదని ఆయన జీవితము చెప్పుచున్నది. మన రాజ్యాంగమునందు 1956లో చేర్చబడిన 350 'ఎ' అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నందవలెనని చెప్పుచున్నది. ఆ పుట చదువుటకు ముందు మేము ఆ బాలుని చూచి నవ్వియుంటిమి.

ఇప్పుడు మన సంగతికి వత్తము. మన పంచవృత్తులు లేక పల్లె లేదు. ఇనుము, కఱ్ఱ, కంచు, శిల, బంగారము అను అయిదింటిని మనవారు మలచిరి. జనగామ చేరువనున్న పెంబర్తి ఇత్తడి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ గౌరవము పిల్లలకు చెప్పవలసినదే. కాని గర్వములు రెండు విధములు. మా తాత చెక్కిన తలుపు నూఱేండ్లు నిలిచినదనుట పనితనపు గర్వము; ఇది యెవరిని చిన్నబుచ్చదు. మేము ఫలానావారికంటె పైవారమనుట మెట్టు గర్వము. క్రింద నొకరు లేక ఇది నిలువదు. మొదటిది విన్న పిల్లవాడు కుమ్మరివాని చేతిలోని మట్టిని, సాలెవాని మగ్గమును, మాదిగవాడు పదునుచేసిన తోలును చూచి అబ్బురపడును. రెండవది విన్న పిల్లవాడు వారి కులము నడుగును. మన సభలలో ఈ రెండు గర్వములును ఒకే హారతిపళ్లెములో నుంచి పిల్లల కిచ్చుచున్నాము.

మనము కులగురువుగ కొలుచు పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి చరిత్రమునే చూడుడు. ఆయన ప్రియశిష్యుడు దూదేకుల సిద్ధయ్య, మహమ్మదీయ కుటుంబమువాడు. మఱియొక శిష్యుడు కక్కయ్య, మాదిగ కులస్థుడు. ఈ కథలు మన యిండ్లలో ప్రతియేటను ఆరాధన దినమున వినబడుచునే యున్నవి. స్వామి పటమునకు దండవేసిన చేతితో సిద్ధయ్య వంశమువాని పిల్లవానిని మన పిల్లల సరసన కూర్చుండబెట్టి అన్నము పెట్టితిమా? పిల్లలు కథకంటె బంతిని బాగుగ చదువుదురు.

మన మూడు జిల్లాలు ఈ పాఠమునకు దేవుడిచ్చిన బడులు. 2016 అక్టోబరు 11వ తేదీన వరంగల్లు జిల్లానుండి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని యూరు. ఆయన బసవపురాణమున మడివాలు మాచయ్య యను చాకలిని, మాదార చెన్నయ్య యను చర్మకారుని భక్తశ్రేష్ఠులుగ కీర్తించెను. ఆ పాలకుర్తియందే చాకలి ఐలమ్మ తన పంటకై, తన భూమికై విసునూరు దేశముఖు నెదిరించి నిలిచెను. ఆ ప్రాంతముననే కడవెండిలో 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకి గుండ్లకు బలియయ్యెను. 2024లో హైదరాబాదునందలి మహిళా విశ్వవిద్యాలయమునకు ఐలమ్మ పేరు పెట్టిరి. ఆమె విగ్రహమునకు పూలదండ వేసివచ్చిన బాలుడు వాకిటిలోని రజకవృద్ధుని 'ఓరీ' యని పిలిచినచో ఆ దండకు విలువయేమి? తప్పు బాలునిదా, ఆ పిలుపును సరిదిద్దని మనదా?

మహబూబాబాదు జిల్లాలో తండాలును, కొత్తగూడ, గంగారము మండలముల కోయగూడెములును గలవు. భూపాలపల్లియందు సింగరేణి బొగ్గుగనులకు నానా జిల్లాల కార్మికులు వచ్చి స్థిరపడిరి. ఒకే వాడలో నాలుగు యాసలు వినబడును. మేడారము నేడు ములుగు జిల్లాలోనిది. 2019 ఫిబ్రవరి వఱకు భూపాలపల్లి జిల్లాలోనిదే. అచ్చట రెండేండ్ల కొకమాఱు మాఘ పౌర్ణమి సమయమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. విగ్రహము లేదు, కోయ పూజారులు అమ్మవార్లను గద్దెలకు తెత్తురు. అన్ని కులములవారును ఆ పూజారుల ముందు తలవంచి బెల్లమును బంగారమని సమర్పింతురు. కాళేశ్వరమున గోదావరి ప్రాణహితల సంగమమునందు ఒకే పానవట్టముపై రెండు లింగములు, కాళేశ్వరుడును ముక్తేశ్వరుడును, వెలసియున్నవి. ఒక పీఠముపై ఇద్దఱికి చోటున్నదని చూపుటకు పిల్లవానిని అచ్చటికి తీసికొనిపోయిన చాలును. వేఱు ఉపన్యాసము అక్కఱలేదు.

ఇక ఆచరణ సంగతి. మా యనుభవమున ఫలించిన వానినే చెప్పుచున్నాము.

మొదటిది, పిలుపు. ఇంటికి పనిమీద వచ్చిన పెద్దవారు ఏ కులమువారైనను పిల్లలు వారిని బాబాయి, పెద్దమ్మ, తాత యని వరుస కలిపి గౌరవార్థమున పిలువవలెను. మన పల్లెలలో ఊరంతయు వరుస కలుపుకొను ఆచారము పూర్వమే యున్నది. దానిని కొన్ని గడపలవద్ద ఆపివేసినది మనమే. పెద్దలు ముందుగా తమ నాలుకను సవరించుకొనవలెను. పిల్లలు ఒక వారములో నేర్తురు.

రెండవది, భాష. తరగతిలో ఎన్ని మాతృభాషలున్నవో అన్నిటను నీటికి పేరేమో పలకపై వ్రాయింపుడు. ఒకడు నీళ్లనును, లంబాడీ పిల్లవాడు పాణియనును, ఉర్దూ మాటలాడు పిల్ల పానీయనును. ఆ రెండు మాటలును సంస్కృతమునందలి పానీయమునకు చుట్టములని మేము చెప్పినప్పుడు పిల్లలు కన్నులు విప్పి చూచెడివారు. వెక్కిరింపబడిన మాటకు వంశవృక్షము చూపినచో వెక్కిరించినవాడే దానిని నేర్చుకొనగోరును.

మూడవది, కథ. ఏకలవ్యుని కథను గురుభక్తికి నిదర్శనముగ చెప్పి ముగించుట మాకును అలవాటే. ఒకమాఱు మూడవ తరగతి పిల్ల లేచి, బొటనవ్రేలు అర్జునుని నేల యడుగలేదని ప్రశ్నించెను. నాటినుండి మేము ఆ కథను ముగింపక, ఇది న్యాయమా యని యడిగి ఊరకుంటిమి. పిల్లలు వాదించుకొని తేల్చుకొందురు. అట్లే ఛాందోగ్యమునందలి సత్యకామ జాబాలుని కథ చెప్పవలెను. గోత్రము తెలియదని నిజము చెప్పిన బాలుని గౌతముడు శిష్యునిగ స్వీకరించెను. ఐతరేయ బ్రాహ్మణమునందలి కవష ఐలూషుని కథ చెప్పవలెను. దాసీపుత్రుడని ఋషులు యజ్ఞమునుండి వెడలగొట్టగా, దాహముతో నున్న ఆయనకు మంత్రము దర్శనమిచ్చెను. సరస్వతి ఆయన చుట్టు ప్రవహించెను. ఋషులు తప్పు తెలిసికొని మఱల పిలిచిరి. మన ప్రాచీన వాఙ్మయమున గెంటివేసిన గాథలును గలవు, గెంటిన చేతులు సిగ్గుపడిన గాథలును గలవు. రెండింటిని చెప్పుటయే సత్యము.

నాలుగవది, బొమ్మలను లెక్కించుట. పాఠ్యపుస్తకము చేతికిచ్చి, ఇందు వంట చేయువా రెవరు, కుర్చీలో కూర్చున్నవా రెవరు, చీపురు పట్టినవా రెవరు, మన తండావంటి ఇల్లు ఎన్ని పుటలలో నున్నది అని లెక్కింపుమనవలెను. ఏడెనిమిదేండ్ల పిల్లలు ఈ పనిని ఆటగ చేయుదురు. లెక్క ముగిసిన తరువాత వారే ప్రశ్నలు వేయుదురు. పక్షపాతమును గుర్తించుట యనగా ఇదియే: కనబడినదానితోపాటు కనబడనిదానిని గూడ లెక్కలోనికి తీసికొనుట.

అయిదవది, బంతి. 2001లో సర్వోన్నత న్యాయస్థానము బడిపిల్లలకు వండిన భోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించెను. 2004లో వంటవారి నియామకమున దళితులకు, గిరిజనులకు ప్రాధాన్య మీయవలెనని చెప్పెను. ఆ భోజనమునందు కూరగాయలకంటె విలువైన పాఠ మొకటి వడ్డింపబడుచున్నది. మన పిల్లవాడు ఇంటినుండి డబ్బా తెచ్చుకొని వేఱుగా కూర్చున్నచో కారణము నడుగుడు. రుచి యన్నచో ఒకటి; వంటమనిషి కులమన్నచో ఆ డబ్బాను కట్టినవారిని మందలింపవలెను.

ఒక హెచ్చరికయు అవసరము. 1968 ఏప్రిల్ 5వ తేదీన, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మఱునాడు, అమెరికాలోని అయోవా రాష్ట్రమున రైస్‌విల్ అను ఊరిలో జేన్ ఎలియట్ అను ఉపాధ్యాయిని తన మూడవ తరగతి పిల్లలను కంటి రంగునుబట్టి విభజించి, ఒక రంగువారు గొప్పవారని చెప్పెను. కొలది గంటలలో గొప్పవారనబడినవారు గర్విష్ఠులైరి. తక్కువవారనబడినవారు చదువులో తడబడిరి. తరువాత వరుస తాఱుమాఱు చేసెను. ఎక్కువ తక్కువలు పుట్టుకవలన గాక చెప్పుటవలన కలుగునని ఆ పిల్లలు స్వయముగ తెలిసికొనిరి. కాని పసివారిని అట్లు బాధించుట తగునా యని ఆ పద్ధతిపై విమర్శలును వచ్చినవి. మన పిల్లలకు అట్టి ప్రయోగము అక్కఱలేదని మా యభిప్రాయము. వారిలో సగముమంది ఆ ప్రయోగముననే పుట్టి పెరుగుచున్నారు. అంబేడ్కరుగారు బాల్యమున బడిలో గోనెపట్టాపై వేఱుగా కూర్చుండవలసి వచ్చెను. కుండను ముట్టక, ఎవరైన పైనుండి పోసిననే నీరు త్రాగవలసి వచ్చెను. ఆ సంగతి చెప్పి, నీవు ఆ తరగతిలో నుండియుంటే ఏమి చేసియుందువని యడుగుట చాలును.

కొందఱు పెద్దలు మాతో నిట్లనిరి: పిల్లలకు కులమేమియు తెలియదు, మీరే ఎత్తి తెలుపుచున్నారని. తెలియదనుట నిజమైన నెంత బాగుండును! మౌనముగూడ ఒక బోధయే. పిల్లవాడు చూచినదానిని గూర్చి ఇంటిలో నెవరును మాటలాడరేని, అది మాటలాడరాని సహజ ధర్మమని తలచును. మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసి 75 సంవత్సరములు దాటినవి. చట్టము వీధివఱకు రాగలదు; వంటింటిలోని గుసగుసవఱకు తల్లిదండ్రులే పోవలెను.

మఱికొందఱు, అట్లైన కులసంఘమేల యనిరి. దీనికే కారణము కడపట చెప్పెదమంటిమి. కులము పిల్లవానికి పట్టుబడునది కులపువారిమధ్యనే, వదలవలసినదియు ఇచ్చటనే. మాదరి భాగ్యరెడ్డివర్మగారు 1906లో హైదరాబాదునందు జగన్మిత్రమండలిని స్థాపించిరి. తమవారి పిల్లలకు బడులు పెట్టించిరి. 1917లో బెజవాడయందు జరిగిన మహాసభకు అధ్యక్షులై, పంచమ శబ్దమును త్రోసి ఆది ఆంధ్ర నామమును నిలిపిరి. ఆయన సంఘము తనవారిని నిలువబెట్టుటకు మఱియొకరిని పడద్రోయలేదు. సంఘమునకు ఈ కొలతబద్ద యొక్కటి చాలును. మనవారి చేయిపట్టి పైకి తెచ్చుచున్నామా, లేక మనవారికి క్రిందివారిని చూపి ఓదార్చుచున్నామా?

కావున మహాసభకు మూడు మనవులు చేయుచున్నాము. మన బాలబాలికలకు బహుమతు లిచ్చునప్పుడు వారి తరగతిలోని యితర కులముల పిల్లలను గూడ పిలిచి సరసన కూర్చుండబెట్టవలెను. ఏటికొక దినము కొలిమి, కార్ఖానా, శిల్పశాలల తలుపులు ఊరిబడి పిల్లలందఱకును తెఱువవలెను. కమ్మరి పిల్లవాడు కుమ్మరి సారెను, సాలె మగ్గమును చూడబోవలెను. మూడవది ఖర్చులేనిది: ఈ రాత్రి యింటికి పోయిన పిదప, రేపు వాకిటికి వచ్చు మొదటి మనిషిని మన పిల్లలయెదుట మీరు అనుటకు ప్రతిజ్ఞ చేయవలెను. మొదటి రెండింటికి తీర్మానము కావలెను. మూడవదానికి నాలుక చాలును.

ఆ లంబాడీ బాలుడు మఱల మా బడికి రాలేదు. ఇప్పుడెచ్చట నున్నాడో, పిల్లలను చదివించుచున్నాడో లేదో మాకు తెలియదు. కొన్ని సంవత్సరముల తరువాత ఆ తండానుండియే ఒక చిన్నపిల్ల వచ్చెను. ఈమాఱు మేము ముందుగనే తండాకు పోయి నాలుగు మాటలు నేర్చియుంటిమి. యాడి కుశలమా యని వచ్చీరాని పలుకుతో అడుగగా ఆ పిల్ల ఫక్కున నవ్వెను. మా యుచ్చారణ తప్పుగ నుండెనట. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. ఆ పిల్ల మఱునాడు బడికి వచ్చెను; అయిదవ తరగతివఱకు మానక వచ్చెను.

 మన పిల్లలు మనకంటె మంచివారగుదురు గాక.

శుభం భూయాత్.